వేలంలో కొన్న ఇల్లు - ధర్మసమ్మతమైన లాభం

అప్పు తీర్చలేనివారి ఇంటిని బ్యాంకు వేలం వేస్తుంది. దానిని తక్కువ ధరకు కొని, మరమ్మతులు చేయించి, సున్నం, రంగులు వేయించి ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో చేతిలో నాలుగు డబ్బులున్న ముస్లిం సోదరుని ముందు నేడు ఈ ప్రశ్న ఉంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ చుట్టుపక్కల స్థలాల ధరలు పెరిగాయి, వాటితోపాటే ఆశా పెరిగింది.

వ్యాపారం, వడ్డీ ఒకటి కావని అల్ బఖరా సూరా 275వ ఆయతు స్పష్టం చేసింది. కొన్న వస్తువును బాగుచేసి లాభానికి అమ్మడం వ్యాపారమే. వేలం పాట కూడా నిషిద్ధం కాదు. యాచించడానికి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లోని దుప్పటిని, నీళ్ల పాత్రను దైవప్రవక్త (సఅసం) స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అంటే, మరొకరు రెండు దిర్హములిచ్చి కొన్నారు. ఆ సొమ్ముతో ఇంటికి ఆహారం, తనకొక గొడ్డలి కొనుక్కొని కట్టెలు కొట్టి బ్రతకమని ఆయన ఆ వ్యక్తికి చెప్పారు (అబూ దావూద్).

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ వేలంలో పెరిగిన ప్రతి దిర్హమూ వస్తువు యజమానికే చేరింది. ఆ వేలం అతణ్ణి తన కాళ్ల మీద నిలబెట్టింది.

మరి నేటి వేలం? 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు ముందు 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ బాకీ తీరకపోతే ఇంటిని స్వాధీనం చేసుకొని వేలం వేయవచ్చు. బాకీ, ఖర్చులు పోగా మిగిలింది ఇంటి యజమానికే చెందుతుంది. చాలకపోతే మిగతా బాకీ అతని మెడకే చుట్టుకుంటుంది. అంటే మనం పాటలో తగ్గించిన ప్రతి రూపాయీ బ్యాంకుది కాకపోవచ్చు, ఆ అప్పులవానిదే కావచ్చు. కనుక పాటదారులు సిండికేటై ధర పెరగకుండా చూడటం పచ్చి అన్యాయం. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచే 'నజష్'ను దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. కూడబలుక్కొని ధర దించడం కూడా అటువంటి మోసమే.

అప్పులవాని అంగీకారం లేకుండా అతని ఆస్తిని ఖాజీ అమ్మరాదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయపడ్డారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) అమ్మవచ్చన్నారు. పైగా బ్యాంకు బాకీలో వడ్డీ కూడా కలిసి ఉంటుంది. కనుక మనసులో సందేహం ఉన్నవారు ముఫ్తీని అడిగి అడుగు వేయాలి.

"నేను కొనకపోతే ఇంకొకరు కొంటారు కదా!" అని కొందరంటారు. నిజమే. కాని కొనేవాడు ముస్లిం అయినప్పుడు తేడా కనబడాలి. ధర్మవరంలో ఎందరో నేతగాళ్లకు ఇల్లే మగ్గం గుంట. ఇల్లు పోతే కూడూ పోతుంది. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మేలని అల్ బఖరా 280వ ఆయతు అప్పిచ్చినవారికి బోధిస్తోంది. చూస్తున్న మనకు ఆ కనికరం అక్కరలేదా? వేలం ప్రకటన వెలువడేలోగా బాకీ మొత్తం, ఖర్చులతో సహా చెల్లిస్తే ఇల్లు దక్కించుకునే హక్కు అతనికి ఉంది. అతడు మన బంధువో, పొరుగువాడో అయితే ఆలోగానే ఖర్జె హసనా ఇవ్వవచ్చు. ఇల్లు నిలబెట్టుకోలేనప్పుడు, సరైన ధరకు అమ్ముకొని బాకీ తీర్చుకునేలా తోడ్పడవచ్చు.

చివరకు వేలంలోనే కొనవలసివస్తే వడ్డీ అప్పుతో కొనకండి. ఇంట్లో ఉన్నవారిని సామాన్లతో వీధిలోకి నెట్టకండి, గడువు ఇవ్వండి. అమ్మేటప్పుడు గోడల పగుళ్లను రంగుతో కప్పిపుచ్చకండి. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని బయటపెట్టి ఆ వ్యాపారిని మందలించిన ప్రవక్త (సఅసం) అనుచరులం మనం (ముస్లిం).

ఒకరి కన్నీటి మీద కట్టని లాభాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.