చెప్పని మాట ఖరీదు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు గదా పెద్దలు. అందులో రెండో సగాన్ని మా తెనాలి చక్రపాణిగారు 1952లో సినిమాగా తీసి, అందర్నీ నవ్వించారు. మొదటి సగం మా బోటివాళ్ళకి వదిలేశారు. అయితే నేను ఇల్లు కట్టలేదు లెండి. ఒకరు కట్టిన ఇల్లు కొన్నాను. బాగుచేయించి అమ్మి, నాలుగు రాళ్ళు వెనకేసుకుందామని కొన్నాను. నవలలు రాసుకునే ఆడదానికి ఇదేం బుద్ధి అంటారేమో! నవలల మీద ఏం వస్తుందో తెలిస్తే అలా అడగరు.

తెనాలిలో కాలవకి దగ్గరగా, నూట అరవై గజాల్లో పాత పెంకుటిల్లు. పేట పేరు చెప్పను. ముందు వసారా, మధ్య రెండు గదులు, వెనక వంటిల్లు, ఆ వెనక నుయ్యి. భర్త పోయాక ఆ ఇంటి పెద్దావిడ బాపట్లలో కూతురి దగ్గరికి చేరింది. ఎవరైనా ఇల్లు చూస్తామంటే రైలెక్కి వచ్చేది. నేను వెళ్ళింది 2023 మే నెలలో. వెంట మా రేపల్లె మేస్త్రీని తీసుకెళ్ళాను. నా పుట్టిల్లు రేపల్లె. మా నాన్న ఇంటికి గోడలు లేపింది ఆయనే.

“ఎండన పడి వచ్చారు, కాఫీ కలుపుతాను కూర్చో అమ్మాయ్” అని ఆవిడ లోపలికి వెళ్ళింది. వెళ్ళగానే మేస్త్రీ జేబులోంచి మేకు తీసి వసారా స్తంభాన్ని గీకాడు. పైన పచ్చరంగు, కింద నీలం, దాని కింద సున్నం. ఆ సున్నం కింద ఏం చూశాడో, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, “టేకమ్మా! రంగూను సరుకు. పై దూలాలూ అవే” అన్నాడు.

ఆవిడ కాఫీ తెచ్చింది. తాగాను. కలప సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. గజం పాతికవేల లెక్కన నలభై లక్షలకి బేరం కుదిరింది. అంటే నేలకే ధర. పైనున్న ఇంటికి ఎవరూ విలువ కట్టలేదు.

ఇక డబ్బు సంగతి. ముప్ఫై లక్షల దాకా అప్పయితే ఇంటి విలువలో తొంభై శాతం, ఆ పైన డెబ్భై అయిదు లక్షల దాకా ఎనభై శాతం ఇవ్వొచ్చని బాంకులకి రిజర్వు బాంకు అనుమతి వుంది. ఇవ్వొచ్చని, ఇచ్చి తీరాలని కాదు. పెంకులు చూసి బాంకువారి ఇంజనీరు పెదవి విరిచాడు. చివరికి ఇరవై నాలుగు లక్షలు ఇచ్చారు. తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళ గడువు, నెలకి ఇరవై ఒక్కవేల ఆరువందల కిస్తీ. స్టాంపులూ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజూ కలిపి నూటికి ఏడున్నర, అంటే మూడు లక్షలు. దానికి బాంకు అప్పివ్వదు. కాబట్టి రేపల్లెలో నాన్న నా పేర పెట్టిన స్థలం అమ్మాను. మావారి పొదుపు కలిపాను. రిపేర్లకి నా గాజులు బాంకులో కూర్చున్నాయి.

పెద్దావిడ అల్లుడు కొంత సొమ్ము చేతికిమ్మని, దస్తావేజులో తగ్గించి రాయించమని అడిగాడు. నేను ఒప్పుకోలేదు. దాన్ని నిజాయితీ అనకండి. దస్తావేజులో రాసిన ధర మీదే బాంకు అప్పిస్తుంది, అంతే. మా లాయరుగారేమో ఆడపిల్లల సంతకాలన్నీ వుంటేగాని కుదరదన్నారు. పిత్రార్జితంలో ఆడపిల్లకి భాగం మన రాష్ట్రంలో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ వుంది. కూతుళ్ళిద్దరూ వచ్చి సంతకాలు చేశారు. చిన్నమ్మాయి వెళ్ళేటప్పుడు నూతిలోకి ఓసారి తొంగిచూసి వెళ్ళింది.

పని మొదలయ్యాక నాకు వచ్చిన మొదటి జ్ఞానం ఏమిటంటే, రోజుకి వడ్డీ ఆరువందలు. మొదటి నెల కిస్తీలో పద్ధెనిమిది వేలు ఉత్త వడ్డీయే గదా, ముప్ఫైతో భాగించి చూసుకోండి. రేపల్లె బండి తప్పిందనీ, బావమరిది కూతురి పెళ్ళనీ మేస్త్రీ రాని ప్రతిరోజూ ఆరువందలు గాల్లో కలిసేవి. గుత్తకిచ్చి వుంటే త్వరగా అయ్యేది, కానీ ఏం వేశారో తెలిసేది కాదు. రోజుకూలీకి పెడితే ఏం వేశారో తెలుస్తుంది, ఎప్పటికవుతుందో తెలియదు. నేను రెండోది ఎంచుకున్నాను. ఎనిమిది లక్షలనుకున్నది పన్నెండయింది. నాలుగు నెలలనుకున్నది ఎనిమిదయింది. మీలో ఎవరైనా దిగదలచుకుంటే, అంచనాకి మూడోవంతు ముందే పక్కన పెట్టుకోండి. కొన్న ప్రతి సంచీకీ బిల్లు దాచండి. రేపు అమ్మినప్పుడు లాభం మీద పన్ను లెక్కల్లో ఆ కాగితాలే ఆదుకుంటాయి.

ఒక తప్పు మాత్రం పూర్తిగా నాదే. పాత గోడలకి సున్నమే పూయాలి, సిమెంటు వద్దన్నాడు మేస్త్రీ. “సున్నం గోడ ఊపిరి పీలుస్తుందమ్మా, సిమెంటేస్తే దాని ముక్కు మూసినట్టే” అన్నాడు. సిమెంటయితే త్వరగా అవుతుందని నేనే పట్టుబట్టాను. కొత్త పూత, లేత గోధుమరంగు, చూడముచ్చటగా వుంది.

కాలవలకి నీళ్ళు వదిలారు. పదిహేను రోజులకి వెనక గది గోడ మీద, కింది నుంచి మోకాలెత్తు దాకా, తడి చీర ఆరేసినట్టు ఓ నల్లటి గీత. రంగు పొంగింది, పెచ్చులు లేచాయి. వేలు పెట్టి నాకి చూశాడు మేస్త్రీ. “ఉప్పు చెమ్మ” అన్నాడు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, “ఏటా కాలవొచ్చాక ఎక్కుతుందిగా! పాపం ఆవిడ ఆ గదిలో బియ్యం బస్తా కూడా పెట్టేది కాదు” అంది.

అప్పుడర్థమయింది, ఇల్లు మే నెలలో ఎందుకు చూపించిందో. కాలవ కట్టేసిన నెల అది. గోడలన్నీ ఎండి బొరుసుల్లా వుంటాయి. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ రాత్రి అన్నం సయించలేదు. తలనెరిసిన మనిషి, చేత్తో కాఫీ కలిపి ఇచ్చిన మనిషి, ఒక్క మాట చెబితే ఆవిడ సొమ్మేం పోయింది? అనుకుంటూ పడుకున్నాను. సొమ్మే పోయేది మరి! అది తట్టడానికి నాకు అర్ధరాత్రయింది. ఆ వెంటనే వసారా స్తంభం గుర్తొచ్చింది.

బి.ఏ.లో చదివిన ముక్కలు ఇలాంటి వేళే పైకి తేలతాయి. క్రీస్తుకు పూర్వం 44లో రోములో సిసిరో అనే పెద్దమనిషి, ధర్మాధర్మాల గురించి కొడుకుని ఉద్దేశించి ఒక పుస్తకం రాశాడు. అందులో ఇల్లమ్మే కథ వుంది. గదుల్లో పాములు తిరుగుతాయి, కలప పుచ్చిపోయింది, ఆ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా అమ్మొచ్చా? డయోజినీస్ అనే గురువు అమ్మొచ్చంటాడు. కొనమని నిన్నెవరు బలవంతపెట్టారు? నీకు నచ్చింది, నువ్వు కొన్నావు. ఆయన శిష్యుడు ఆంటిపేటర్ ఒప్పుకోడు. తెలిసి దాచడం, దారి తప్పినవాడికి దారి చెప్పకపోవడం కంటే పాపమంటాడు. సిసిరో శిష్యుడి పక్షమే. ఇంతవరకూ నాకు హాయిగానే వుంది. కొంచెం ముందుకెళితే ఇంకో ప్రశ్న వేశాడాయన. ఒకడు ఇత్తడి అనుకుని బంగారం అమ్ముతున్నాడు. కొనేవాడికి అది బంగారమని తెలుసు. మంచివాడైతే చెబుతాడా, వెయ్యి నాణాల సొత్తు ఒక నాణేనికి కొనుక్కుని ఇంటికి పోతాడా?

పుస్తకం మూసేస్తే పోయే ప్రశ్న కాదది. చట్టం ఏమంటుందో చూద్దామని లాయరుగారిని అడిగాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, యాభై అయిదో సెక్షను. మామూలు జాగ్రత్తతో కొనేవాడికి కనబడని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలి. కొనేవాడికీ ఒక బాధ్యత పెట్టారు గానీ, అది అమ్మేవాడి హక్కు గురించి. నీ భాగం నువ్వనుకున్నదానికంటే పెద్దదని నాకు తెలిస్తే నేను చెప్పాలి. నీ దూలాలు టేకువని చెప్పాలని లేదు. అంటే చట్టం దృష్టిలో ఆవిడ దోషి, నేను కాను. కానీ ఆ తీర్పుతో నాకు నిద్ర పట్టలేదు.

ఎకనామిక్సు చెప్పే నా స్నేహితురాలు నన్ను తిట్టింది. “తెలివి కూడా పెట్టుబడే. మేస్త్రీకి రైలు ఖర్చులిచ్చి తీసుకెళ్ళావు, ఆయన చెప్పింది నీ సొత్తు” అంది. సరే, కానీ వీధిలో పాత జరీ చీరలు కొంటామని కేకలేసుకుంటూ వచ్చేవాళ్ళు గుర్తున్నారా? మా అమ్మ తన పెళ్ళి చీర ఒకతనికిచ్చి స్టీలు గిన్నె తీసుకుంది. అది అసలు వెండి జరీ అని తర్వాత ఎవరో చెబితే, నాలుగు రోజులు అతన్ని శపించింది. అతనికీ తెలివి పెట్టుబడే. ఆ గిన్నె ఇప్పటికీ మా రేపల్లె వంటింట్లో వుంది. చూసినప్పుడల్లా నాకు అతనంటే అసహ్యం. ఇన్నేళ్ళకి నేనే కేక లేకుండా ఒక గుమ్మంలోకి వెళ్ళి కూర్చున్నానన్నమాట.

పాత కలప వ్యాపారి వచ్చి ఆ దూలాలకీ స్తంభాలకీ రెండున్నర లక్షలిస్తానన్నాడు. అమ్మలేదు, నూనె రాయించి అలాగే వుంచాను. కానీ అంకె తెలిసిపోయింది. కొన్నది నలభై, ఖర్చులు మూడు, రిపేర్లు పన్నెండు, రెండేళ్ళ వడ్డీ నాలుగు పైచిలుకు. అరవై ఆరు లక్షలకి అమ్మితే మిగిలేది ఆరున్నర. అందులో మూడోవంతుకి మించి నేను కాఫీతో పాటు మింగేసిన మాట ఖరీదు. మిగతాది నా కష్టమా అంటే అదీ కాదు. 2019 చివర మూడు రాజధానులన్న మాట రాగానే మా వైపు నేల ధరలు చతికిలబడ్డాయి. అందుకే నాకు పాతికవేలకి దొరికింది. 2024లో ప్రభుత్వం మారి అమరావతి పనులు మళ్ళీ కదలగానే లేచాయి. నేను నిద్రపోతుంటే కూడా నేల పెరిగింది. ఇలాంటి పెరుగుదల నేల యజమానిది కాదు, ఊరందరిదీ అని 1879లో అమెరికాలో హెన్రీ జార్జి పెద్ద పుస్తకమే రాశాడు. ఆ సంగతి మావారికి చెప్పలేదు. ఒకే నెలలో రెండు ధర్మసందేహాలు ఏ మగవాడూ భరించలేడు.

2025 సంక్రాంతి వెళ్ళాక లక్షా పాతికవేలు సంచీలో పెట్టుకుని బాపట్ల బండెక్కాను. మావారు స్టేషను దాకా వచ్చారు గానీ, ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దావిడ మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది.

“పిన్నిగారూ, మీ ఇంటి దూలాలు టేకువండీ. కొనేటప్పుడే నాకు తెలుసు. ఇది అందులో సగం” అన్నాను.

“టేకని నాకూ తెలుసు అమ్మాయ్. మా మామగారు చెప్పేవారు. అంత పలుకుతుందనే తెలియదు” అంది. వద్దనలేదు. కళ్ళజోడు పెట్టుకుని నోట్లు లెక్కపెట్టుకుని తలగడ కింద పెట్టింది. మళ్ళీ చిక్కుళ్ళు అందుకుని, తల ఎత్తకుండా, “వెనక గదిలో చెమ్మ ఎక్కిందా?” అని అడిగింది.

“ఎక్కిందండీ.”

“నీకంటే ముందు ముగ్గురు చూశారు. ముగ్గురికీ చెప్పాను. ముగ్గురూ మళ్ళీ కనబడలేదు. నీకు చెప్పలేదు” అంది. కాసేపాగి, “గోడకి ఎంతయింది?” అంది.

సిమెంటు చెక్కించి, గానుగ సున్నం పూయించడానికి లక్ష దాటింది. “పెద్దగా కాలేదు లెండి” అన్నాను. ఇది ఏ పద్దులో రాసుకోవాలో సిసిరోని మళ్ళీ తిరగేసినా దొరకలేదు.

మొన్న మే నెలలో ఒక చిన్న జంట ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఇద్దరూ ఉద్యోగస్థులు, అమ్మాయికి ఆరో నెల. వసారా స్తంభాలు చూసి ఆ పిల్ల మురిసిపోయింది. అవి టేకువని చెప్పాను. గోడలు పొడిగా, తెల్లగా, కొత్త సున్నం వాసనతో వున్నాయి. సున్నం పూశాక చెమ్మ సగానికి సగం తగ్గింది. కానీ పోలేదు, పోదు కూడా. అబ్బాయి అడ్వాన్సు చెక్కు తీశాడు.

“ఇప్పుడొద్దు బాబూ. వెనక గది గోడకి ఏటా చెమ్మ ఎక్కుతుంది. కాలవకి నీళ్ళొచ్చాక ఒకసారి వచ్చి చూసి, అప్పుడివ్వు” అన్నాను. మావారు కుర్చీ కింద నుంచి నా కాలు తొక్కారు.

“అప్పటికి రేటు పెంచుతారా అండీ?” అన్నాడు ఆ అబ్బాయి అనుమానంగా. పెంచనన్నాను. నమ్మినట్టు కనబడలేదు. జూన్ కిస్తీ కట్టాను, జూలై కిస్తీ కట్టాను. గాజుల మీద వడ్డీ కూడా కట్టాను.

నీళ్ళొచ్చిన రెండో వారంలో వాళ్ళు మళ్ళీ వచ్చారు. అబ్బాయి వసారాలోనే ఆగిపోయాడు. ఆ పిల్ల మాత్రం తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి, గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.