నిలబడటం పనేనా?

రాత్రి పదిన్నర. నరసరావుపేటలో మా వీధి అరుగు మీద ఒక ప్లాస్టిక్ బేసిన్, అందులో వేడినీళ్లు, గుప్పెడు కల్లుప్పు. ఆ నీళ్లలో పక్కింటమ్మాయి పాదాలు. ఊళ్లో ఒక పెద్ద బట్టల మాల్‌లో చీరల సెక్షన్ ఆమెది. శ్రావణమాసం, తెల్లారితే శుక్రవారం. ఒక కాలు బయటికి తీసి చీలమండ మీద వేలితో నొక్కింది. గుంట పడింది. అది పూడటానికి పట్టినంతసేపూ ముగ్గురం దాన్నే చూశాం.

ఎదురుగా పడక్కుర్చీలో ఆమె పెదనాన్న. పాతకాలం బట్టల కొట్లో ముప్పయ్యారేళ్లు గుమస్తాగా చేశాడు. నేను మధ్యలో మెట్టు మీద కూర్చున్నా. నా పని వినడం, అప్పుడప్పుడూ పుల్ల పెట్టడం.

“మా షావుకారు జీతగాడిలా చూళ్లేదమ్మాయ్, ఇంట్లో మనిషిలా చూశాడు” అన్నాడు పెద్దాయన.

“మా ఫ్లోర్ ఇన్‌చార్జి కూడా రోజూ పొద్దున మీటింగులో అదే చెప్తాడు పెదనాన్నా. మనమంతా ఒక ఫ్యామిలీ అంట. ఆ మాట అయ్యాక నిన్నటి టార్గెట్ ఎవరు కొట్టలేదో పేర్లు చదువుతాడు.”

“ఆయనది ఉత్తమాట. మాది అట్టా కాదు. మీ అక్క పెళ్లికి బట్టలన్నీ కొట్లోంచే ఇచ్చాడు.”

“పద్దు రాశాడా?”

“రాశాడు. ఏనాడూ అడగలా.”

“నువ్వు జీతం పెంచమని అడిగావా?”

పెద్దాయన చుట్ట కోసం జేబు తడుముకున్నాడు. “ఎట్టా అడుగుతా? ఆ పద్దు ఉంది గదా.”

ఆమె ఏమీ అనలేదు. నేనూ పుల్ల పెట్టలేదు, అవసరం రాలేదు. ఉపకారానికి వడ్డీ ఉండదంటారు. ఆ వడ్డీ ఆయన ప్రతి శ్రావణంలో అర్ధరాత్రి దాకా తానులు మడిచి కట్టాడు. మానేసిన రోజున షావుకారు ఒక పంచెల చాపు చేతిలో పెట్టి పంపాడు. ఇప్పుడు పెద్దాయన గుండెకు మందులు కొనేది ఈ అమ్మాయి జీతంలోంచే.

అమ్మాయి ఫోన్‌లో జీతం స్లిప్పు తెరిచి చూపించింది. పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం కోత. “మా సెక్షన్లో పిల్లలు ఈ కోత చూసి ఏడుస్తారు, చేతికొచ్చేదే తక్కువని. నేను ఏడవను. ఈఎస్ఐకి నాది ముప్పావు శాతం పోతే యజమాని మూడుంపావు కట్టాలి. జీతం 21,000 లోపున్న వాళ్లకి అది హక్కు. ఇరవై మంది పనిచేసే చోట పీఎఫ్ కట్టాల్సిందే. ఇది ఆయన ప్రేమ కొద్దీ ఇచ్చేది కాదు కాబట్టి నేను తలొంచుకోనక్కర్లేదు. నీకు ఈ కోత పడుంటే ఇవాళ నీ మందులు నువ్వే కొనుక్కునేవాడివి.”

“అయితే పరాయివాళ్లలా ఉండటమే మేలంటావు?”

“జీతం దగ్గర మేలే.”

అక్కడ పెద్దాయన ఓడిపోయాడనుకున్నా. తొందరపడ్డా. ఆయన కుర్చీలోంచి ముందుకు జరిగాడు.

“సరే. జీతం సంగతి నీదే గెలుపు. మరి కాళ్ల సంగతి? మా కొట్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుపులు, వాటి మీద తెల్లదుప్పట్లు. చెప్పులు బయట విడిచి అందరూ లోపలికి రావాల్సిందే. బేరానికొచ్చిన రైతు కూర్చుంటాడు, నేను కూర్చుని తాను విప్పుతా, గల్లాపెట్టె దగ్గర షావుకారూ అదే పరుపు మీద. ముప్పయ్యారేళ్లలో నా కాలు వాచలా. పల్నాడోళ్లం మనం. బ్రహ్మనాయుడు అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన సీమ. ఈ అద్దాల కొట్లు వచ్చి మిమ్మల్ని నిలబెట్టినయ్యి.”

ఈ మాటకు నాకు ఒళ్లు ఝల్లుమంది. బ్రహ్మనాయుడి చాపకూడు అనగానే మనం ‘కూడు’ గురించే మాట్లాడతాం, కులాలన్నీ కలిసి తిన్నాయని. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ ఆ పంక్తి వేస్తారు. కానీ అందులో సగం సంగతి చాపదే. ఒకడు కూర్చుని ఇంకొకడు నిలబడితే అన్నం ఒకటే అయినా అది చాపకూడు అనిపించుకోదు.

అమ్మాయి మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. “ఆ పరుపు మీద కూర్చుని అమ్మినోళ్లలో ఆడమనిషి ఒక్కతైనా ఉందా పెదనాన్నా?”

“లేదు.”

“అయితే నన్ను అక్కడికి పొమ్మనకు. నాకు ఈ అద్దాల కొట్లోనే స్టూలు కావాలి.”

“నిలబడటం మర్యాదంటారేమో మీ వాళ్లు.”

“అదే అంటారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగ కూడా రాదు. చీరలన్నీ మడతపెట్టేసి ఉంటాయి. ఎవరికి మర్యాద? గోడకా? ర్యాకుకి ఆనుకున్నా సీసీ కెమెరాలో చూసి పైనుంచి ఫోన్ చేస్తారు. ఆ రెండు గంటలు నేను అమ్మేదేం లేదు, ఊరికే నిలబడతా. అది పనా, శిక్షా? నువ్వే చెప్పు.”

పెద్దాయన చెప్పలేదు. నాకు తోచింది చెప్తాను. చీర విప్పి చూపడం పని, మడత పెట్టడం పని. ఖాళీ కొట్లో నిలబడటం మాత్రం, ఈ ఒళ్లు ఈ పది గంటలూ నాదేనని యజమాని తనకు తాను చెప్పుకునే మాట. దానికి జీతం స్లిప్పులో గడి లేదు.

ఇదేమీ ఈ అమ్మాయి ఒక్కదాని పేచీ కాదు. కోజికోడ్ మిఠాయి వీధిలో బట్టల కొట్ల ఆడపిల్లలు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. కేరళ ప్రభుత్వం 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే ఏర్పాటు ఉండాలంది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. అసలు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే ఈ మాట రాశారు: నిలబడి పనిచేసేవాళ్లకు సందు దొరికినప్పుడు కూర్చునే వీలుండాలని. అంటే చిలకలూరిపేట దగ్గర గణపవరం స్పిన్నింగు మిల్లులో నూలు వడికే మనిషికి ఎప్పుడో ఆ మాట దక్కింది. ఆ నూలుతో నేసిన బట్ట అమ్మే మనిషి కోసం కేరళలో ఇంకో డెబ్బయ్యేళ్లు పట్టింది.

“స్టూలు అడిగావా ఎప్పుడన్నా?” అని అడిగా.

“ఒకమ్మాయి అడిగింది. కాళ్లు నొప్పులైతే ఇంట్లోనే కూర్చోమన్నారు.”

బేసిన్‌లో నీళ్లు చల్లారిపోయాయి. పెద్దాయన లేచి, ఆమె వద్దంటున్నా వినకుండా, లోపలికెళ్లి ఇంకో చెంబు వేడినీళ్లు తెచ్చి పోశాడు.

శ్రావణం ఇంకా అయిపోలేదు. చీరకని మాల్‌కు వెళ్తారు గదా, కౌంటర్ వెనక స్టూలు ఉందేమో ఒకసారి తొంగి చూడండి. లేకపోతే బిల్లు కట్టేటప్పుడు యజమానిని అడగండి. ఆ పిల్లని మాత్రం అడక్కండి, నెత్తి మీద కెమెరా ఉంటుంది.