కూర్మక్షేత్రమున జరిగిన ఆలింగనము

ధర్మపురిలో గోదావరీస్నానము గావించి శ్రీలక్ష్మీనరసింహస్వామిని సేవింపవచ్చు యాత్రికులలో, ఒంటిమీది మచ్చను కొంగుమాటున దాచుకొని, జనము తొలగిన పిదప నీట దిగువారును ఉందురు. వారు దాచునది రోగమును గాదు. లోకుల చూపునుండి తమ్ము దాచుకొందురు. ఆ చూపునకు “పూర్వజన్మకర్మ” యని శాస్త్రము తోడు తెచ్చుట ధర్మమేనా?

కర్మసిద్ధాంతము ఎవని నడతను వాడు దిద్దుకొనుటకు చెప్పబడినది గాని, పరుని దేహముపై తీర్పు చెప్పుటకు గాదు. చేతనాచేతనములన్నియు భగవంతునికి శరీరమని శ్రీరామానుజులు బోధించిరి. శరీరమును ఏవగించుకొని శరీరిని అర్చించుట యెట్లు పొసగును?

శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మమున జరిగినట్లు చైతన్యచరితామృతము చెప్పు వృత్తాంత మొకటి కలదు. వాసుదేవుడను విప్రునకు కుష్ఠము. వ్రణములనుండి జారిపడిన పురుగులను తిరిగి వానిచోటనే యుంచెడి దయాళువు. చైతన్యమహాప్రభువును చూడవచ్చి, ఆయన అప్పటికే వెడలిపోయెనని విని మూర్ఛిల్లెను. ప్రభువు వెనుదిరిగి వచ్చి కౌగిలించుకొనెను, రోగము తొలగెను. ఈ కథలో మహిమనే చెప్పుకొందురు. రోగము తొలగుటకు ముందే కౌగిలి కలిగెననుట, రోగి యొద్దకు ఆయనయే మరలివచ్చెననుట పలువురు గమనింపరు.

ఆ మహిమ అందరికి లేదు గాని ఔషధము కలదు. కరీంనగర్, ఆదిలాబాదులకు పొరుగున నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో కుష్ఠరోగులకు ఆసుపత్రి నెలకొల్పెను. ఆ పనికి ధనసాయము చేసినవాడు నర్సాగౌడ్ అను హిందువు. దాతకు మతభేదము అడ్డురాలేదు. ఆనాడు చాల్‌మూగ్రా నూనె తప్ప వేరు గతి లేదు. 1980ల నుండి బహుళ ఔషధ చికిత్స వచ్చినది. ఆరు నెలలో, పండ్రెండు నెలలో వాడిన చాలును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఉచితము. మందు మొదలిడిన కొలదికాలమునకే అంటు పోవును. కాని అంతకుముందే చచ్చిన నరము పెక్కుమారులు తిరిగి రాదు. అనగా మచ్చను దాచిన యేండ్లే వ్రేళ్లను వంకరచేయును. దాచునట్లు చేసినవారికి ఆ వంకరలో పాలు లేదా?

బొల్లి, సోరియాసిస్ అసలు అంటువ్యాధులే గావు. వానికి చర్మవైద్యుని పర్యవేక్షణ యేండ్ల తరబడి కావలెను. ఆదిలాబాదులో 2008లో వైద్యకళాశాల వెలసినను, అడవిపల్లెవానికి పట్టణము చేరుట యన్న ఒకనాటి కూలి పోవుటయే.

మందు మ్రింగిన శరణాగతికి లోపమని కొందరి శంక. ప్రపన్నుడు ఆకలికి అన్నము తినుట మానునా?

కుష్ఠమును విడాకులకు కారణముగా నెంచిన నిబంధనను పార్లమెంటు 2019లో తొలగించినది. ఇండ్లలో మాత్రము రోగి కంచము వేరుగనే యున్నది. తీర్థము చేతికందక పైనుండియే పడుచున్నది.