అవ్వ నడకే మన నడక



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక, మా విచారణ వారం కొందరం అన్నం మూటలు కట్టుకొని శాలిహుండం కొండకు వెళ్లాము. వంశధార ఒడ్డునున్న ఈ కొండమీది బౌద్ధ స్తూపాలను 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు లోకానికి తెలియజేశారు. పైనుంచి చూస్తే నది, దూరాన కళింగపట్నం వైపు సముద్రం.

యువకులు పందెం వేసుకొని ఎక్కారు. నేనూ వారితోపాటు ముందే నడిచాను. పైకి చేరి లెక్క చూసుకుంటే ఒకరు తక్కువ! మోకాళ్ల నొప్పులున్న అవ్వ. దిగివెళ్లి చూస్తే, సగం దారిలో చెట్టు క్రింద ఒంటరిగా జపమాల చెప్పుకుంటోంది. "మీరెల్లండి ఫాదరుగారూ, నాను మెల్లగా వత్తాను" అంది. నాకు సిగ్గు వేసింది. అందరినీ క్రిందికి పిలిచి, ఆ చెట్టు క్రిందే ఆమెతో కలిసి భోజనం చేశాము.

కలిసి ప్రయాణం చేద్దామని ఏసావు పిలిచినప్పుడు యాకోబు ఏమన్నాడో ఆదికాండము 33వ అధ్యాయంలో చదవండి. పిల్లలు పసివారు, మందలో పాలిచ్చే పశువులున్నాయి, ఒక్కరోజు వడిగా తోలినా మంద చస్తుంది, కనుక పిల్లల నడకను బట్టే వస్తానన్నాడు. ఎమ్మావు దారిలో ఉత్థాన ప్రభువు కూడా దిగులుపడిన ఇద్దరు శిష్యుల ప్రక్కనే, వారితోపాటు నడిచారు.

మన విచారణల్లోనూ వెనుకబడినవారున్నారు. గుడికి రాలేని రోగులు, పిల్లలు వలస వెళ్లగా ఇంట మిగిలిన ముసలివారు, బడి మానిన పిల్లలు. "మెల్లగా వస్తాం" అని వారంటారు. మనం నమ్మి ముందుకు పోతాం. ఈ వారం అటువంటి ఒక్కరి ఇంటికైనా వెళ్లి, కాసేపు కూర్చోండి.

ప్రభువు మిమ్ము దీవించునుగాక!