ఎంతుంది?

పొద్దున్నే మా ఇంట్లో మొదటి మాట నాదే: "ఎంతుంది?" కాఫీ ఆ తర్వాత. మా ఆవిడకి షుగరొచ్చి పదకొండేళ్ళు. పరగడుపున వేలు గుచ్చుకుని, స్ట్రిప్పు మీద చుక్క పెట్టి, వచ్చిన అంకె నాకు చెప్పాలి. "నూట ముప్ఫై" అనేది. ఇంకోరోజు "నూట నలభై" అనేది. పద్దులు సరిచూసిన గుమాస్తాలాగ తలాడించేవాణ్ణి.

ఒకనాడు బ్యాటరీ మార్చబోయి మీటరు మీట నొక్కితే పాత రీడింగులన్నీ వరసగా బయటపడ్డాయి. 212. 198. 231. ఒకరి ఉత్తరాలు దొంగతనంగా చదువుతున్నట్టు అనిపించింది గాని, ఆపలేదు. వెళ్ళి నిలదీశాను. ఆవిడ కందిపప్పు ఏరుతూ తలెత్తకుండానే, "ఉన్నది చెప్తే మీ మొహం చూడలేకపోతున్నానండీ" అంది.

నిజానికి నాకు అంతకుముందే తెలియవలసింది. ఎర్ర కణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. అన్నాళ్ళూ దానికి ఎంత చక్కెర అంటుకుందో మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బిఎ1సి చెప్పేస్తుంది. అది 9.1 వచ్చినప్పుడు ల్యాబువాళ్ళు పొరబడ్డారనుకున్నాను. నూట ముప్ఫైలు వినడానికి అంత హాయిగా ఉండేవి మరి.

అర్ధాంగి అంటాం. ఆ సగంలో సూది దిగితే ఈ సగానికి తెలియదు. తెలుసుకుందామని ఓసారి నా వేలూ గుచ్చుకున్నాను, సరిగ్గా వేలికొస మధ్యలో. ప్రాణం జివ్వుమంది. "పక్కనుంచి గుచ్చుకోవాలండీ, అక్కడ నొప్పి తక్కువ" అంది. పదకొండేళ్ళలో నేర్చుకున్న విద్య. నాకు ఏనాడూ చెప్పలేదు. నేను అడిగింది అంకె ఒక్కటే కదా.

నా సేవలో లోపం లేదనే అనుకునేవాణ్ణి. పంచదార డబ్బా అటకెక్కించాను. మెంతులు నానబెట్టాను. మా చుట్టాల్లో ఎవరు ఏది చెబితే అది, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, అన్నీ తెచ్చాను. ఒక పెళ్ళిభోజనంలో వడ్డించే కుర్రాడితో, "ఆవిడకి జాంగ్రీ వద్దు నాయనా, షుగరు" అన్నాను. బంతిలో అందరి కళ్ళూ ఆవిడ విస్తరి మీద పడ్డాయి. చాటుగా తినడం ఆ తర్వాతే మొదలైందని ఇప్పుడు లెక్క కుదురుతోంది. ఒకరి నాలుక మీద ఇంకొకరికి ఎంత హక్కుంటుంది? ఆవిడ పడిపోతే మోయవలసింది నేనే గనక కొంత ఉందనుకుంటాను. బంతిలో కేక వేసేంత మాత్రం లేదు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి షుగరుందని లెక్కగట్టింది. వాళ్ళ పక్కన కూర్చుని అంకెలు అడిగేవాళ్ళం ఆ లెక్కలో లేము.

కార్తీకమాసం, సోమవారం. చుక్క చూసేదాకా ఉపవాసం. ఆవిడ మాత్ర మానలేదు, తిండి మానింది. ఆవిడ వేసుకునే గ్లిమిపిరైడ్ క్లోమాన్ని తట్టిలేపి ఇన్సులిన్ వదిలిస్తుంది. తిండి రాలేదని ఇన్సులిన్ ఆగదు. సాయంత్రం ఐదు దాటేసరికి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. మీటరు 54 చూపించింది. 70 దిగితేనే ప్రమాదమని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూడమన్నారు. పంచదార అటక మీదుంది! ముక్కాలిపీట వెతికి, ఎక్కి, బూజుపట్టిన డబ్బా దింపేసరికి నా చేతులూ వణికాయి.

గ్లాసు నోటి దగ్గర పెడితే పక్కకి తిప్పుకుంది. "చుక్క కనబడలేదు."

వరండాలోకి వెళ్ళి వచ్చి, "వచ్చింది, నేను చూశాను" అన్నాను. తాగింది.

పావుగంటకి 88. కాస్త తేరుకుని కిటికీలోంచి బయటికి చూసి, "ఇంకా ఎండ పోలేదు" అంది. నేనేమీ అనలేదు. ఆవిడా ఇంకేమీ అనలేదు.

ఆ వారమే డాక్టరుగారు ఆవిణ్ణి అడిగారు, మధ్యాహ్నం ఎన్నింటికి తింటారని. "పన్నెండున్నరకండీ" అన్నాను. "మిమ్మల్ని కాదు, ఆవిణ్ణి చెప్పనివ్వండి" అన్నారాయన. "రెండున్నర, మూడు అవుతుందండీ" అంది ఆవిడ. ఒకే ఇంట్లో నలభై ఏళ్ళు. పన్నెండున్నర నాది. అందరూ తిన్నాక, అంట్లు సర్దాక, మిగిలిన అన్నం పారేయడమెందుకని కాస్త ఎక్కువే పెట్టుకునే రెండున్నర ఆవిడది. పదకొండేళ్ళూ పంచదారని కాపలా కాశాను గాని, ఈ రెండు గంటల మీద నా చూపు పడలేదు.

ఇప్పుడు ఇద్దరం ఒకేసారి కూర్చుంటున్నాం. చెప్పినంత తేలికేమీ కాదు. పెసరట్టు వేడివేడిగా పళ్ళెంలో పడాలంటే ఒకరు పెనం దగ్గర నిలబడాలి. ఇన్నేళ్ళ నా వేడి అట్టు వెనక ఉన్నది ఆవిడ చల్లారిన అట్టే. అందుకని వారంలో ఐదు రోజులు ఇడ్లీ. నాకు ఇడ్లీ అంత ఇష్టం కాదు, అబద్ధమెందుకు? ఆదివారం పెసరట్లు నేను వేస్తాను. చిరుగుతాయి. అంకెలు బాగుపడ్డాయా అంటే, కొన్నాళ్ళు బాగుంటాయి, కొన్నాళ్ళు ఉండవు. మొన్న మనవడు తెచ్చిన కాజాలో సగం నా కళ్ళముందే విరిచి తింది, కింద రాలిన పొడితో సహా.

ఇవాళ పొద్దున మీటరు పెట్టె మూసిన చప్పుడు వినబడింది. ఊరుకున్నాను. కాసేపటికి వంటింట్లోంచి, "నూట డెబ్భై ఆరు" అంది. "పచ్చడి అల్లంతో చేయనా, పల్లీలతోనా?"