కలశంలో ఆకు ఎందుకు వాడదు?



ఈ వారం వీడియోలో కలశస్థాపన ఎలా చేసుకోవాలో చూశాం. అందులో టైమ్ సరిపోక వదిలేసిన ఒక చిన్న విషయం ఇక్కడ మాట్లాడుకుందాం.

పండగ రోజు పొద్దున ఒకే మామిడి కొమ్మ తెస్తాం. కొన్ని ఆకులు గుమ్మానికి తోరణం కడతాం, ఐదాకుల రెమ్మ కలశంలో పెడతాం. మర్నాటికి తోరణం ఆకుల అంచులు ముడుచుకుంటాయి. ఇంకో రెండు రోజులకు గలగలమంటాయి. కలశంలోవి మాత్రం పచ్చగానే ఉంటాయి. కొమ్మ ఒకటే, కోసిన గడియ ఒకటే. మరి తేడా ఎక్కడుంది?

కాడ చివర నీళ్లలో ఉంది. అంతే.

ఇంజినీరింగ్ చదివిన బుర్ర కదా, కారణం తెలిస్తే గానీ ఊరుకోదు. ఆకుకి కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. చెట్టు మీద ఉన్నంతకాలం పోయిన నీటికి బదులు వేరు నుంచి పైకి వస్తుంది. కోశాక కూడా ఆకు నీరు పోగొట్టుకోవడం ఆపదు, లోపలికి రావడమే ఆగిపోతుంది. కోసిన చోటు నీళ్లలో ఉంటే ఆ దారి ఇంకొన్నాళ్లు పనిచేస్తుంది. బయట వదిలేస్తే సన్నటి గొట్టాల్లోకి గాలి చేరుతుంది, సొన ఆరి గట్టిపడుతుంది. క్రిస్మస్‌కి కొట్టి తెచ్చిన చెట్టుని ఇంట్లో నిలబెట్టేవాళ్లు కూడా ఇదే పాటిస్తారు. మొదలు ఓ అంగుళం మళ్లీ కోసి, నీళ్ల తొట్టిలో నిలబెట్టి, నీటిమట్టం కోసిన చోటుకన్నా కిందికి దిగకుండా చూసుకుంటారు. మతం ఏదైనా కొమ్మ దాహం ఒకటే.

కాబట్టి దసరాకి తొమ్మిది రోజులు కలశం నిలపాలనుకునేవాళ్లు కాడల చివర్లు కొంచెం మళ్లీ కోసి పెట్టండి. ఆవాహన అయ్యాక కలశాన్ని కదపం కదా, అందుకని ముందే కాడలకు అందేంత నీళ్లు పోయండి. ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. గుమ్మం దగ్గర అరటి పిలకలు పెడితే మొదలు బకెట్ నీళ్లలో ఉంచండి. పూలు తడిబట్టలో చుట్టి పెట్టుకోండి. తులసి, మారేడు దళాలు నిలవున్నా పూజకు పనికొస్తాయని మన ఆచారం. సిటీలో రోజూ దొరకవని బాధపడక్కర్లేదు.

ఇక అసలు మాట.

మాది నల్లమాడ. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, 2022కి ముందు అనంతపురం జిల్లా. ఏడాది మొత్తానికి వాన దాదాపు 550 మిల్లీమీటర్లు, అదీ వస్తే. మా అవ్వ పెరట్లో ఒక మామిడి చెట్టు ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు దాని మొదట్లోకే పోయేవి. కరువు ఏడు ఉగాదికి నేను కొడవలి పట్టుకుని పోతే అవ్వ ఒకే ఒక రెమ్మ చూపించింది. "ఇది చాల్లే నాయనా. చెట్టు తాగేదే చెంబెడు నీళ్లు. తోరణం లేకుంటే పండగ ఆగదు. చెట్టు పోతే వచ్చే ఏటికి కలశంలోకి యాడ తెస్తావు?" అనింది.

ఆ ఏడు గుమ్మానికి పసుపు దారం మాత్రమే కట్టాం. ఐదాకులూ కలశంలోకి పోయాయి. ఉన్న కొంచెం నీళ్లు ఎక్కడికి చేరాలో ఆమెకు తెలుసు.

భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకంలో కృష్ణుడు అడిగినవి నాలుగే: ఆకు, పువ్వు, పండు, నీళ్లు. మొదటిదీ చివరిదీ కలిసి ఉన్న చోటు కలశం. నీళ్ల విలువ తెలిసిన ఊళ్లో చెంబెడు నీళ్లు చిన్న నైవేద్యం కాదు.

మనలో చాలామందిమి ఊరు వదిలి బెంగళూరు, హైదరాబాద్, అమెరికా చేరినవాళ్లం. ఒకరకంగా కోసిన కొమ్మలమే. అందులో తప్పేమీ లేదు, కలశంలోకి రావాలంటే కొమ్మని కోయాల్సిందే. కానీ కాడ ఎక్కడుందో చూసుకోవాలి. ఏడాదికోసారి తీర్థయాత్ర, పండగకోసారి పట్టుబట్టలు... ఇవి పైన చల్లిన నీళ్లు. కాసేపు మెరుస్తాం, లోపలికి దిగదు. పొద్దున లాప్‌టాప్ తెరవకముందు ఐదు నిమిషాల నామస్మరణ, ఒక దీపం, అమ్మానాన్నలకు ఒక ఫోను... ఇవి కాడకు అందే నీళ్లు. కొంచెమే, కానీ రోజూ.

ప్లాస్టిక్ తోరణం ఎప్పటికీ వాడదు కదా అని మీరు అనొచ్చు. నిజమే. దానికి దాహమే లేదు.

పూజ ముగిశాక ఏం చేస్తామో గుర్తుచేసుకోండి. కలశంలోని ఆ మామిడి రెమ్మనే తీసి, ఆ నీళ్లలో ముంచి, ఇంట్లో అందరి తల మీదా చల్లుతాం. ఇన్నాళ్లూ అది పచ్చగా ఉన్నది అందంగా కనబడటానికి కాదు, తను తాగిన నీళ్లనే పదిమందికీ పంచడానికి. ఆ పని అయ్యాక రెమ్మని చెత్తబుట్టలో వేయకండి. ఏదైనా చెట్టు మొదట్లో పెట్టండి, మిగిలిన కలశజలం కూడా అక్కడే పోయండి.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి చూసుకోండి, మీ కాడ నీళ్లకు అందుతోందా?

శుభం. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.