నాలుగు హద్దుల దస్తావేజు

సొంతిల్లు కొనాలా వద్దా అని ఈ నగరంలో అందరూ వేసే లెక్కలు మేమూ వేస్తాం. కిరాయి ఎంత, కిస్తు ఎంత, బడి ఎంత దూరం, నల్లా నీళ్లు రోజూ వస్తాయా రోజు మార్చి రోజా. ఆ లెక్క అయిపోయాక మాకు రెండో లెక్క మొదలవుతుంది. దానికి కాగితం, పెన్సిలు పనికిరావు. పక్కన ఎవరుంటారు? గొడవైతే ఎటు పోవాలి? వడ్డీ డబ్బుతో కొన్న గదిలో జానమాజ్ పరవొచ్చా? అసలు మాకు అమ్ముతారా?

ఇక్కడ మేము అంటే ఒక కుటుంబం. ఒక కౌమ్ కూడా. రెంటినీ వేరుచేసి మాట్లాడదామని చాలాసార్లు చూశాం, చెయ్యనిచ్చిందెవరు? ఇల్లు అడగడానికి కుటుంబంగా వెళ్తాం. లేదనిపించుకుని కౌమ్‌గా తిరిగొస్తాం.

ముందు మొదటి లెక్క. మేం చూసినవి రెండు ఫ్లాట్లు. ఒకటి టోలిచౌకిలో, మావాళ్ల మధ్య. రెండోది కూకట్‌పల్లి వైపు, ఇరవై ఇళ్ల అపార్ట్‌మెంటులో. అక్కడి నేమ్‌ప్లేట్లలో మా పేర్లలాంటి పేరు ఒక్కటీ లేదు. రెండూ ఇరవై ఏళ్ల పాతవే, రెండూ రెండు పడగ్గదులవే. కాగితం మీద 900 చదరపు అడుగులంటారు. గోడలూ మెట్లూ కారిడారూ తీసేస్తే కాలు పెట్టుకునేది 650. నేలలో వాటా 35 గజాలు. ధర 45 లక్షలు. జిల్లాలో అబ్బా కట్టిన పెంకుటిల్లు అమ్మి ఏడుగురు వారసులకు షరియత్ ప్రకారం పంచగా మాకొచ్చినదీ, దాచుకున్నదీ కలిపి 15 లక్షలు. మిగతా 30 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తెస్తే నెలకు 26 వేలు. మొత్తం కట్టేది 62 లక్షల పైన. అసలుకంటే వడ్డీయే ఎక్కువ. ఇప్పుడు కడుతున్న కిరాయి 13 వేలు. అప్పు తీరేనాటికి మాకు అరవై దాటుతాయి, బిల్డింగుకు నలభై నిండుతాయి. దాన్ని కూలగొట్టి మళ్లీ కట్టాలంటే ఇరవై ఇళ్లవాళ్లూ ఒక్క మాట మీదికి రావాలి. వారానికొకసారి వాటర్ ట్యాంకు కడిగే విషయంలోనే రారు.

ఈ లెక్క చూసి కిరాయికే ఉండిపొమ్మని చెప్పే స్నేహితులున్నారు. వాళ్లు చెప్పేది నిజమే, కిరాయికి ఇల్లు దొరికేవాళ్ల విషయంలో.

మా తెలుగు బాగుంటుంది. అదే మా నసీబు. టు-లెట్ బోర్డు చూసి ఫోను చేస్తే అవతలివాళ్లు ఆప్యాయంగా మాట్లాడతారు. గాలి ఎటునుంచి వస్తుందో, బోరులో ఎండాకాలం ఎన్ని నీళ్లుంటాయో అన్నీ చెప్తారు. చివర పేరడుగుతారు. చెప్పగానే కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటారు, లేదా వాళ్ల మేనల్లుడు అమెరికా నుంచి వచ్చేస్తుంటాడు. "మీరు తెలుగువాళ్లనుకున్నామండీ" అన్నారొకరు. ఉర్దూలో దువా చేసుకుని తెలుగులో వార్తలు రాసి బతికేవాళ్లం. ఇంకెంత తెలుగైతే తెలుగువాళ్లమవుతాం? కొందరు మర్యాదస్తులు "మాకేం పట్టింపు లేదు, పైవాళ్లకే కొంచెం ఇబ్బంది" అంటారు. ఆ పైవాళ్లు మాకెప్పుడూ కనిపించలేదు. పాతబస్తీకి వెళ్తే అక్కడి చుట్టాలు మా ఉర్దూ విని దేహాతీలంటారు, అది వేరే కథ.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయింది జుమ్మా నమాజుకొచ్చినవాళ్లు. తర్వాత పోలీసులు పట్టుకెళ్లిందీ మా పిల్లల్నే. కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. కానీ కోర్టు తీర్పు ఇంటి ఓనరుదాకా రాదు. ఓనరుదాకా వచ్చేది అరెస్టు వార్తే. ఆ వార్త మొదటి పేజీలో, విడుదల వార్త లోపలి పేజీలో ఎలా పడతాయో పత్రికాఫీసులో పనిచేసే మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చట్టమేం చెప్తుంది? రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, బావులూ చెరువుల దగ్గర, రోడ్ల మీద మతం పేరుతో ఎవరినీ ఆపొద్దంది. ఇల్లమ్మేవాడి గుమ్మం ఆ జాబితాలో లేదు. మా ఫిఖ్‌లో షుఫా అని ఒక హక్కుంది. ఇల్లు అమ్మకానికొస్తే ముందు కొనే హక్కు పొరుగువాడిదని. 1962లో సుప్రీంకోర్టు, పొరుగున ఉన్నాడన్న ఒక్క కారణంతో అలాంటి హక్కు ఇవ్వడం రాజ్యాంగానికి సరిపోదని కొట్టేసింది. దానికోసం మేం ఏడవలేదు. తన పక్కకు ఎవరు రావాలో తేల్చే అధికారం ఎవరికీ లేదన్నమాట, మంచిదే అనుకున్నాం. నలభై మూడేళ్ల తర్వాత, 2005లో, అదే కోర్టు అహ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే ఉంచుకోవచ్చని తీర్పిచ్చింది. పార్సీలు మాకంటే చిన్న మైనారిటీ, వాళ్ల భయం మాకర్థమవుతుంది. కానీ ఆ తాళంచెవి మెజారిటీ చేతిలో ఉంటే దానితో మూసేది ఎవరి తలుపు? 2008లో షబానా ఆజ్మీ ముంబైలో తాము ముస్లింలమైనందుకే ఫ్లాటు కొనలేకపోయామని బహిరంగంగా చెప్పారు. రాజ్యసభలో కూర్చుని వచ్చిన మనిషి. ఇళ్లు కట్టే కూలీకే ఇల్లుండదని 'మకాన్' నజ్మ్ రాసిన కైఫీ ఆజ్మీ కూతురు. ఆమెకే దొరకనిది మాకు దొరుకుతుందా అని కాదు మా బాధ. ఆమె చెప్పినప్పుడు ఈ దేశం ఆశ్చర్యపోయింది చూడండి, అదీ బాధ. మా మొహల్లాలో ఆ వార్త చదివి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆ రెండో ఫ్లాటు అమ్మేవాళ్లు తమ దస్తావేజు నకలు ఇచ్చారు. తీరిగ్గా చదివాం. దస్తావేజు అన్నది ఫార్సీ. హక్కు, హద్దు, వారసుడు, దఖలు, కబ్జా అరబీ నుంచి వచ్చినవి. ఖరీదు, జాగా ఫార్సీవి. కిరాయి కూడా మా కిరాయాయే. తెలుగువాడు తన ఇల్లు తనదని చెప్పుకోవడానికి వాడే మాటల్లో సగం మా ఇళ్లలోంచి వెళ్లినవి. ఆ మాటలకు ఏ అసోసియేషనూ అభ్యంతరం చెప్పలేదు, ఏ పైవాళ్లకూ ఇబ్బంది కాలేదు. హాయిగా తెలుగులో కాపురముంటున్నాయి. మనుషుల్నే పేరడుగుతారు. మకాం అన్న మాట కూడా మాదే. తెలుగులోకొచ్చేసరికి నాలుగు రోజులు బస చేసి పోవడమనే అర్థం మిగిలింది. మమ్మల్ని చూసే తీరు కూడా అదే కదా అనిపిస్తుంది.

ఇంత జరిగాక టోలిచౌకి ఫ్లాటు కొనుక్కుంటే పోలేదా? మావాళ్లందరూ చెప్పేది అదే. మీరు గుంపుగా ఎందుకుంటారు, గెట్టోలు ఎందుకు కట్టుకుంటారు అని మమ్మల్నడిగే మేధావులకు జవాబుగా కొన్ని సంవత్సరాలు చెప్తే చాలు. 1948, 1978, 1990. పోలీస్ యాక్షన్ తర్వాత జిల్లాలు వదిలి నగరానికి చేరినవాళ్లున్నారు. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత హిందువులు ఎక్కువున్న గల్లీల నుంచి మావాళ్లు, మావాళ్లు ఎక్కువున్న గల్లీల నుంచి హిందువులు సామాను సర్దుకున్నారు. అలా సర్దుకున్నవాళ్లెవరూ మిశ్రమ సంస్కృతి మీద సెమినారు విని నిర్ణయించుకోలేదు.

కానీ భద్రత కోసం ఒకచోట చేరితే దానికీ ధర ఉంది. చోటు కొంచెం, కొనేవాళ్లెక్కువ, కాబట్టి రేట్లు ఎక్కువ. చాలా ఇళ్లకు రిజిస్ట్రీ ఉండదు, నోటరీ కాగితమే. దానిమీద బ్యాంకు అప్పివ్వదు. కాగితం బాగున్నా ఇవ్వని రోజులున్నాయి. ముస్లింలు ఎక్కువున్న ప్రాంతాలను కొన్ని బ్యాంకులు నెగటివ్ జోన్లుగా గుర్తుపెట్టుకున్నాయని 2006లో సచార్ కమిటీయే రాసింది. అంటే బయట ఇల్లివ్వరు, లోపల అప్పివ్వరు. అప్పుడు అక్కడ కొనగలిగేది ఎవరు? గల్ఫ్ నుంచి నగదు తెచ్చుకున్నవాళ్లు. నెల జీతాల విలేఖరులు కాదు.

ఇంకో ధర పిల్లలు కట్టేది. టోలిచౌకిలో పెరిగే మా పిల్లలకు కరివేపాకు అడగడానికి వెళ్లే ఇంట్లో కూడా మావాళ్లే ఉంటారు. బోనాల గురించి, సంక్రాంతి గురించి పుస్తకంలో చదువుకుంటారు. కూకట్‌పల్లిలో పెరిగే పిల్లలకు మేం టీవీలో తెలుస్తాం, అదీ ఏదైనా జరిగినప్పుడు. ఆ పిల్లలే రేపు ఇంటి ఓనర్లు. మేం లోపలికి ముడుచుకున్న కొద్దీ వాళ్లకు మా పేరు వినగానే వచ్చే ఆ నిశ్శబ్దం పెరుగుతుంది. తప్పు మొదట మాది కాదు నిజమే. అయినా మా పిల్లలకు ఎలాంటి పొరుగు ఇస్తున్నామన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మేమే.

ఇలా మాట్లాడటం మాలో పొద్దున పదింటికి పత్రికాఫీసుకు పోయి అర్ధరాత్రి వచ్చేవాళ్లకు సులువు. రోజంతా ఆ ఇరవై ఇళ్ల మధ్య ఉండేది, బురఖాతో లిఫ్టు ఎక్కితే అందులోవాళ్లు గోడకు జరగడం చూసేది మాలో రెండోవాళ్లు. కలిసి బతకడమనే సిద్ధాంతం మగవాళ్లు రాస్తారు, దాని రోజువారీ డ్యూటీ ఆడవాళ్ల మీద పడుతుంది. ఈ మాట మా ఇంట్లో చాలా రాత్రులు నడిచింది. చివరికి టోలిచౌకి వద్దన్నదీ మాలో ఆ రెండోవాళ్లే. "అక్కడ మాత్రం నన్నెవరు ఊరికే ఉండనిస్తారు? ఏం కట్టుకున్నానో, ఎవరితో మాట్లాడానో గల్లీ అంతా లెక్క రాస్తుంది" అన్నది. మావాళ్ల మధ్య భద్రత అంటే ఎవరి భద్రత అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

ఇక వడ్డీ. వ్యాపారం హలాల్, వడ్డీ హరామ్ అని ఖురాన్ స్పష్టంగా విడదీసింది. అందులో సందేహం లేదు. గల్ఫ్‌లో, మలేసియాలో బ్యాంకే ఇల్లు కొని, తన లాభం వేసుకుని, కిస్తుల మీద అమ్మే పద్ధతి ఉంది. ఇక్కడ 1949 బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 8వ సెక్షను బ్యాంకులు కొని అమ్మే వ్యాపారం చేయకూడదంటుంది. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించమంది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన విరమించుకున్నట్టు చెప్పింది. 1999లో యూరప్ ఫత్వా కౌన్సిల్, వేరే దారి లేని ముస్లిం తాను ఉండడానికి ఒక్క ఇల్లు బ్యాంకు అప్పుతో కొనుక్కోవచ్చని, అది జరూరత్ కిందికి వస్తుందని అంది. చాలామంది ఉలేమా ఒప్పుకోలేదు. మేం అడిగిన మౌల్వీ సాబ్ కూడా ఒప్పుకోలేదు, కిరాయి హలాలే కదా, సబర్ చేయండన్నారు. వారు ఉండేది మసీదు కమిటీ ఇచ్చిన గదిలో. వారికి టు-లెట్ బోర్డులతో పనిపడలేదు.

ఒక సంగతి మాత్రం మాకు వింతగా తోచింది. వడ్డీ గురించి మమ్మల్ని హెచ్చరించినవాళ్లలో ఒక్కరైనా దస్తావేజులో ఎంత రాస్తున్నారని అడగలేదు. ఈ నగరంలో చేతులు మారే సొమ్ము ఒకటి, రిజిస్ట్రారు ముందు రాసే సొమ్ము ఇంకొకటి. సంతకం పెట్టేది అబద్ధం మీద. అన్ని మతాలవాళ్లూ, పాంచ్ వక్త్ నమాజీలూ, ఈశాన్యం చూసి కొనేవాళ్లూ అందరూ పెడతారు. దాన్ని హరామ్ అనేవాళ్లు లేరు, అది దస్తూర్. వడ్డీ పాపం, అబద్ధం ఆనవాయితీ! ఆ తూకం మేం ఒప్పుకోలేం.

అప్పు తీసుకోవాలనే అనుకున్నాం. దాన్ని హలాల్ చెయ్యమని ఏ ఆలిమ్ వెంటా పడం, ఎవరితోనూ వాదించం. ఫ్లోటింగ్ రేటు గృహరుణం ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యొద్దని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది కాబట్టి, చేతికొచ్చిన ప్రతి రూపాయీ అందులో వేసి పదేళ్లలో వదిలించుకోవాలని చూస్తాం. దస్తావేజులో పూర్తి ధర రాయాలని అమ్మేవాళ్లతో చెప్పాం. వాళ్లకది నచ్చలేదు, పన్ను ఎక్కువ పడుతుందన్నారు. రెండు రోజులాలోచించి సరేనన్నారు.

ఇంటికంటే ముందు పొరుగు చూసుకోవాలని అరబ్బుల సామెత. మేం బయానా ఇవ్వకముందే అసోసియేషన్ సెక్రటరీ గారిని కలిశాం. మా పేర్లు ముందే చెప్పాం. గోష్ట్ వండుతాం, రంజాన్‌లో మూడున్నరకే లేస్తాం, బక్రీదు ఖుర్బానీ ఇక్కడ కాదు మా ఊళ్లో చేయించుకుంటాం అని చెప్పాం. అమ్మీకి ఎనభై దాటాయి. ఆమె పోతే గుస్ల్ ఈ ఇంట్లోనే ఇవ్వాలి, జనాజా లిఫ్టులో పట్టదు, మెట్ల మీదుగా దించాలి, యాభై మంది మావాళ్లు వచ్చి మెట్ల మీద నిలబడతారు అని కూడా చెప్పాం. ఆయన నీళ్లిచ్చారు, అమ్మీ ఆరోగ్యం అడిగారు. మిగతావాళ్లను అడిగి చెప్తానన్నారు. అది జరిగి మూడు వారాలైంది.